వెల్లుల్లి రెబ్బ నుంచి మాత్ర దాకా

క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు ఎబెర్స్ పపైరస్‌లో వెల్లుల్లి మందులున్నాయి. 1890లో మధ్య ఆసియాలోని కుచాలో బ్రిటిష్ సైనికాధికారి బోవర్‌కు చేరిన సంస్కృత రాతప్రతిలోనూ వెల్లుల్లి గుణాల మీద ఒక గ్రంథం ఉంది. వెల్లుల్లిని కొలెస్ట్రాల్‌కు ముడిపెట్టడం మాత్రం నిన్నమొన్నటి సంగతి.

1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే పరిశోధకులు వెల్లుల్లి ఘాటుకు మూలమైన అల్లిసిన్‌ను వేరుచేశారు. చెక్కుచెదరని రెబ్బలో అది దాదాపు ఉండదు. దంచినప్పుడు కణాలు చితికి, అల్లిన్ అనే పదార్థం మీద అల్లినేజ్ అనే ఎంజైము పనిచేస్తేనే పుడుతుంది, ఆ ఘాటూ అప్పుడే. వేడికీ, కడుపులోని ఆమ్లానికీ ఎంజైము తట్టుకోలేదు. మాత్రల వ్యాపారానికి అసలు చిక్కు ఇదే. అందుకే కొన్ని మాత్రలకు పేగుల్లో మాత్రమే కరిగే పూత పూశారు.

1973లో అరుణ్ బోర్డియా, బన్సల్ అనే పరిశోధకులు ధమనులు గట్టిపడకుండా వెల్లుల్లి నూనె ఉపయోగపడవచ్చని వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. 1988లో జర్మనీ నిపుణుల సంఘం కమిషన్-ఇ కూడా వెల్లుల్లికి ఆమోదముద్ర వేసింది. వ్యాపారానికి అంతకన్నా ఏం కావాలి!

గట్టి పరీక్ష 2007లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఓ మోస్తరుగా పెరిగిన 192 మందిని నాలుగు గుంపులు చేసి, ఆరు నెలలపాటు పచ్చి వెల్లుల్లి, పొడి మాత్ర, మాగబెట్టిన సారం లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. పచ్చిది శాండ్‌విచ్‌లలో కలిపి పెట్టారు. ఏ గుంపులోనూ ఎల్‌డీఎల్ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అనేక ప్రయోగాలను కలిపి చూసిన కొన్ని సమీక్షల్లో మాత్రం కొద్దిపాటి తగ్గుదల కనిపించింది. రక్త ఫలకికలు అతుక్కోవడాన్ని వెల్లుల్లి కొంత తగ్గిస్తుంది కనుక, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు ఈ మాత్రల సంగతి వైద్యుడికి చెప్పాలి.