చెవికి చేరిన ఆరోగ్యవాక్యము

అక్షరము రానివారికి జ్ఞానము లేదని మనము తరచు పొరబడుచుందుము. ఆదిలాబాదు గోండుల చరిత్ర ఆ భ్రమను తొలగించును. వారి పురాణగాథలను తరతరములుగా కాపాడినది కీక్రీ వాద్యముపై గానము చేయు పర్ధానుల కంఠము, వినువారి చెవి.

1943లో నిజాము ప్రభుత్వకాలమున మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొల్పెను. గోండీ వాచకములు దేవనాగరి లిపిలో వెలువడినవి. అయినను అక్షరము ఇంటింటికి చేరుటకు కాలము పట్టును. జ్వరము అంతవరకు ఆగదు.

మలేరియానే చూడుడు. మాత్రలు మింగిన కొన్నాళ్లకే జ్వరము దిగును. నయమైనదని తలచి మిగిలిన మాత్రలు మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెనను ఒక్క వాక్యములో ఒక నిండు ప్రాణమున్నది. ఆ వాక్యము పరభాషలో వినబడినచో గోండు తల్లికి అది అధికారి ఆజ్ఞ. గోండీలో వినబడినచో ఇంటి పెద్ద మాట.

1986లో ఆదిలాబాదున ఆకాశవాణి కేంద్రము వెలసెను. గోండీ పలుకు దాని ప్రసారములలో చోటు చేసికొనెను. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ఆరంభించిన సీజీనెట్ స్వర మరొక అడుగు ముందుకు వేసెను. గిరిజనులు టెలిఫోనులో తమ భాషలో వార్తలు వినుటయే గాక, ఊరి చేతిపంపు చెడినదని తామే చెప్పుకొనజొచ్చిరి.

2011 జనగణనలో గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షలకు పైబడిరి. వారికి మందు పంపుటతో మన బాధ్యత తీరదు. వారి భాషలో చెప్పవలెను. వారు చెప్పునది మనమును వినవలెను.