పులిజూదము: సమముకాని పోరు



పడవలు వేటకు పోని యొక దినమున గిలకలదిండి రేవులో నేను పులిజూదమాడి ఓడితిని. నావి పులులు. నన్ను గెలిచినవాడు పన్నెండేండ్ల బాలుడు. అతనివి మేకలు. చుట్టును కూర్చుండి వలలు బాగుచేసికొనుచున్న పెద్దలందరు పకపక నవ్విరి. ఆ నవ్వు నన్ను కొంత కాలము వెంటాడినది. మేక యోడినప్పుడు ఎవరును నవ్వరు. పులి యోడినప్పుడు ఊరంతయు నవ్వును. ఈ భేదమునకు గల కారణము వెదకుచు పోగా నాకు దొరికిన సంగతులను నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఆట తెలియనివారు మీలో నుండరు. పట్టణములలో పెరిగిన మనుమల కొరకు మాత్రము చెప్పుచున్నాను. శిఖరమునుండి నాలుగు గీతలు క్రిందికి దిగును. వాని నడ్డముగా మూడు గీతలు కోయును. ఆ యడ్డగీతల కొనలను ఇరుప్రక్కల నిలువుగీతలతో కలుపుదురు. అడుగున పీఠమువలె నింకొక గీత యుండును. శిఖరమున ఒకటి, మూడడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగున 4, వెరసి 23 స్థానములు. పులులు 3, మేకలు 15. కొన్ని యూళ్లలో ఈ లెక్కలు మారును.

పులులు ముందుగనే పటముపై కూర్చుండును. మేకలను ఒక్కొక్కదానినే దింపవలెను. పదునైదును దిగువరకు దిగిన మేక కదలరాదు. పులికి ఆ కట్టుబాటు లేదు. ప్రక్కనున్న మేకను దాటి, ఆవలి చోటు ఖాళీగా నున్నచో, అందు దుమికి మేకను చంపును. మేకకు చంపెడి యధికారమే లేదు. పులిని కదలనీయక కట్టివేయుట యొక్కటే దాని విజయము. మేకలన్నియు బ్రతికియున్నచో 23 స్థానములలో 18 నిండి ఐదు మాత్రమే మిగులును. ఆట సారమంతయు ఆ ఐదు ఖాళీలలోనే యున్నది.

నేను రెండు మేకలను చంపి మీసము దువ్వితిని. బాలుడు తొందరపడలేదు. ముందుగా మూలలు పట్టెను. మూలనున్న మేక వెనుక చోటు లేదు గావున పులి దానిని దాటజాలదు. పిమ్మట ఒక మేక వెనుక నింకొక మేకను నిలుపుచు వచ్చెను. నేను దుమికి పడవలసిన చోటులన్నియు నిండిపోయెను. కడకు నా మూడు పులులును శిఖరముకడ నిరుకున పడి, ఆకలిగొన్న కండ్లతో ఎదుటి మేకలను చూచుచు కూర్చుండినవి. నవ్వు వచ్చినది అప్పుడే.

నా పరాభవమును కప్పిపుచ్చుకొనుటకు నేనొక ప్రశ్న వేసితిని. ఈ తీరమున సొరచేపయే గాని పులి లేదు గదా, దీనిని సొరజూదమని యేల యనరాదు అంటిని. వల విడువకయే ఒక ముదుసలి, “సముద్రంలో లేదు లెండి బాబూ, అప్పుల పద్దులో ఉందిగా పులి!” అనెను. మరల నవ్వులు.

ఇక పేరు సంగతి. జూదమను మాట సంస్కృత ద్యూతశబ్దమునుండి వచ్చిన తద్భవము. అందుచేత పెద్దలు కొందరు ఈ యాటను పాచికలతోను పణములతోను జతచేసి పిల్లలను కసరుటయు కలదు. నన్నును కసరిరి. ఇందు పాచిక లేదు, గవ్వ విసరుట లేదు. గెలుపోటములు దైవాధీనములని చెప్పుకొని తప్పించుకొనుటకైనను వీలులేని యాట యిది.

దీని వయస్సెంత? హంపిలోను, మరి పెక్కు ప్రాచీనస్థలములలోను రాతిపలకలపై ఇట్టి పటములు చెక్కబడియున్నవి. వానిని చూపి ఆటయు ఆలయమంత ప్రాచీనమని చెప్పువారు కలరు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. గుడి కట్టిన శిల్పియే పటమును గీచెనో, మూడువందల యేండ్ల తరువాత ఎండకు నీడ చేరిన పసులకాపరి గీచెనో రాయి చెప్పదు. శాసనమునకు సంవత్సరముండును. మేకలు మేపువానికి సంవత్సరముతో పనిలేదు. కాబట్టి ఈ యాట బహుకాలముగా దక్షిణదేశమంతట నున్నదని మాత్రము చెప్పి ఊరకుండుట మేలు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములతో తృప్తిపడక జనుల యాటపాటలకును చోటిచ్చిరి. ఆ మార్గమున నడచినవారు మనలో ఇంకను కొద్దిమందియే.

చదరంగము రాజుల యాట. అందు ఇరువైపుల సమానమైన బలములు, సమానమైన నడకలు. మన పులిజూదము వేరొక వంశమునకు చెందినది. అందు ఇరుపక్షములకు సంఖ్యయు వేరు, ధర్మమును వేరు. ఈ వంశము లోకమంతట వ్యాపించియున్నది. నేపాళములో నాలుగు పులులు, ఇరువది మేకలు. అచట దీనిని బాఘ్‌చాల్ అందురు. స్పెయిన్ దేశమున పదవ అల్ఫోన్సో రాజు 1283లో పూర్తిచేయించిన ఆటల గ్రంథమున పలువురు వేటగాండ్రు ఒక కుందేలును చుట్టుముట్టెడి యాట యున్నది. ఇంగ్లండులో నక్కకును బాతులకును పోరు. స్వీడను దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయసు 1732లో లాప్లాండునకు మొక్కల కొరకు పోయి, అచటివారి యాటను గూడ తన దినచర్యలో వ్రాసికొనెను. మధ్య నొక రాజు, అతనికి ఎనమండుగురు స్వీడను భటులు. చుట్టును పదునారుగురు రష్యావారు. మొక్కలకై పోయినవాడు ఆటను గుర్తించి వ్రాయుట నాకెంతో ముచ్చట గొలిపినది.

పులి యెవరు, మేక యెవరు అనునది మొదటి చూపునకు తెలియదు సుమండీ. మన బందరు రేవున 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు దిగినప్పుడు గోలకొండ సుల్తాను అనుజ్ఞను వేడుకొన్న వర్తకులే గదా! మేకలని తలచి వారికి చోటిచ్చినవారి సంతతివారు పిమ్మట లెక్క మరల చూచుకొనవలసివచ్చెను.

ఈ వంశమున ఇటీవలి సంతానము మరియు చిత్రమైనది. 1977లో అమెరికాలో స్టీవ్ జాక్సన్ అనునతడు ‘ఓగర్’ అను నాటను కల్పించెను. రాబోవు కాలమున మనుష్యుడు నడుపనక్కరలేని ఒక మహాయుద్ధశకటము ఒకవైపు, చిన్న బలముల గుంపు రెండవవైపు. పేర్లు మార్చినచో మన పటమే. 1979లో టామ్ వామ్ అనునతడు ‘డ్రాగన్’ అను పత్రికలో హాస్యప్రధానమైన యాట నొకదానిని ప్రకటించెను. బాహ్యాకాశమునుండి వచ్చిన భయంకర హరితవస్తువులు అని దాని పేరునకు అర్థము. జ్నూటార్ అను ఆకాశనౌకలో పచ్చని భూతములు చొచ్చును. గ్రుడ్లు పిల్లలగును, పిల్లలు పెద్దవగును. నావికులు చేతికి దొరికినదానితో ఎదిరింతురు: కత్తి, మంటలార్పు యంత్రము, బంతులాట కర్ర, తుదకు తినుబండారపు డబ్బా! ఏ యాయుధము ఏమి చేయునో కొట్టిచూచువరకు తెలియదు. అది భూతమును చంపవచ్చును, కుదించవచ్చును, లేదా పెంచవచ్చును. ముక్కలు చేసి, ఒకదానికి బదులు పెక్కింటిని పుట్టింపనువచ్చును. మందు వేసిన కొలది రోగము హెచ్చిన సంసారముల నెరిగినవారికి ఇందలి హాస్యము వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. అయితే అందు అదృష్టమునకు చోటెక్కువ. నా మనస్సు మాత్రము పాచిక లేని మన పటమువైపే మొగ్గును.

ఇట్టి యసమానపు పోరు న్యాయమా యని మీరడుగవచ్చును. నేపాళపు ఆటను లిమ్ యూ జిన్, యర్గ్ నీవర్గెల్ట్ అను ఇరువురు పండితులు ఈ శతాబ్దపు తొలి దశకమున కంప్యూటరుచే గణింపజేసి, ఇరువురును తప్పులేక యాడినచో అది సమముగా ముగియునని తేల్చిరి. నాలుగింటికిని ఇరువదింటికిని సరితూకము! దానిని కనుగొనినవారు ఏ గణితము నెరిగిన గ్రామీణులో!

గిలకలదిండిలో ఆ ముదుసలి గణితముతో పనిలేకయే న్యాయము చెప్పెను. “ఒక్క ఆటతో తీర్పేంటి బాబూ? చోట్లు మారండి” అనెను. వారి వాడుకలో ఆట యనగా రెండాటలు. పులి యైనవాడు మేక కావలెను, మేక యైనవాడు పులి కావలెను. అప్పుడు గాని పందెము తీరదు.

చోట్లు మారితిమి. చింతపిక్కలు నా చేతికి వచ్చినవి, మూడు గవ్వలు బాలునికి పోయినవి. మొదటి మేకను దింపునప్పుడు నా చేయి తడబడిన మాట వాస్తవము. అంతకుముందు శిఖరమునుండి చూచినప్పుడు పటము విశాలముగా కనబడినది. ఇప్పుడు ఏ చోట చూచినను వెనుక ఖాళీయే. మూలలు పట్టితిని, జంటలు కట్టితిని. అయినను నాలుగు మేకలు పోయినవి. అయిదవదానిని కాపాడుటకు పెనగులాడుచుండగా రేవునుండి కేక వచ్చినది. వలలు చుట్టుకొని అందరు లేచిరి. బాలుడు గవ్వలు జేబులో వేసికొని పరుగెత్తెను.

ఆ రాత్రి వాన కురిసినది. ఉదయమున నేను పోయి చూచితిని. సిమెంటు గట్టుపై బొగ్గుతో గీచిన పటములో ఒక్క గీతయైనను మిగులలేదు. కొంత దూరమున ఆ బాలుడు పొయ్యి వెలిగించిన చోట వంగి, తడియని బొగ్గుముక్క కొరకు వెదకుచుండెను.