మెట్టతామర మీద హమ్మింగ్‌బర్డ్

భారతదేశంలో హమ్మింగ్‌బర్డ్ లేదు. ఈ చిన్న సంగతి మా ఆరేళ్ళ అమ్మాయిని ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. రాజమండ్రిలో మా పెరటి మెట్టతామర పువ్వు మీదికి వంగి తేనె తాగే నీలినల్లని బుల్లి పిట్టకు, బొమ్మల పుస్తకంలోని ఆ పేరు తగిలించి కూర్చుంది. తేనెపిట్ట అమ్మా అంటే, "అది నువ్వు పెట్టిన పేరు" అంటుంది!

ఈ పొరపాటులో దానికి పెద్ద పెద్దవాళ్ళే తోడున్నారు. మన దేశానికి వచ్చిన తెల్లదొరలు కూడా తేనెపిట్టల్ని హమ్మింగ్‌బర్డులనే పిలిచేవారు. అసలు ఆ మెట్టతామర చరిత్రే చూడండి. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడ దాని తేనె తాగేవి అసలు సిసలు హమ్మింగ్‌బర్డులు. అయినా 1753లో లినేయస్ దానికి 'కానా ఇండికా' అని నామకరణం చేశాడు. హమ్మింగ్‌బర్డుల పువ్వు సముద్రాలు దాటి మన పెరళ్ళకు చేరింది, వెంట పిట్ట రాలేదు. ఆ ఖాళీ కొలువులో మన తేనెపిట్ట చేరింది. కడియం నర్సరీల నుంచి మనం తెచ్చుకునే ఎర్రపూల హమీలియా కథా ఇంతే.

రెంటికీ చుట్టరికం లేదు. తేనెపిట్టది పిచ్చుకల, కాకుల వరుస. గాలిలో కాసేపు రెక్కలాడిస్తుంది గానీ ఎక్కువగా కొమ్మ పట్టుకునే తాగుతుంది. హమ్మింగ్‌బర్డులు నేడు అమెరికా ఖండాలలోనే ఉన్నాయి. అయితే సుమారు మూడు కోట్ల ఏళ్ళనాటి వాటి శిలాజాలు జర్మనీలో దొరికినట్టు 2004లో వెల్లడైంది. ఇది చెప్పడమే నా కొంప ముంచింది. "జర్మనీ దాకా వచ్చింది రాజమండ్రికి రాకూడదా?" అని అమ్మాయి ప్రశ్న.

మన వైపు మొక్కలను ఇంత శ్రద్ధగా చూసినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మిరియాలూ ఇంకా ఎన్నో మొక్కలూ పెంచాడు. కోరంగి తీరాన్ని ముంచెత్తిన 1787 ఉప్పెనలో ఆయన సేకరణలు కొట్టుకుపోయాయి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడువందల చిత్రపటాలతో వెలువడింది. అందులో మన మోదుగ ఉంది. మోదుగ పూలకు పరాగసంపర్కం చేసే ముఖ్యమైన పిట్ట మన తేనెపిట్టేనని తరవాతి శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఆ పటాలకు మూలమైన బొమ్మలు వేసినవారు ఇక్కడి చిత్రకారులు. మొక్కల తెలుగు పేర్లు గ్రంథంలో ఉన్నాయి, వాటిని చిత్రించిన చేతుల పేర్లు లేవు. ఆకు ఈనె ఈనెనూ చూసిన ఆ కళ్ళు ఎవరివో! మోదుగకు లాటిన్‌లో 'బ్యూటియా' అన్న పేరు స్కాట్లాండు ప్రభువు బ్యూట్ పేరు మీద వచ్చింది. దొర పేరు పువ్వుకు దక్కింది. బొమ్మ వేసినవాడికి తన బొమ్మ కింద కూడా చోటు దక్కలేదు. ఈ లెక్క నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక మా ఇంటి సంగతి. వరండాలో దండెం తీగకు ఆడపిట్ట సాలెగూడు దారాలతో, ఎండుటాకులతో, చిత్తుకాగితాలతో వేలాడే గూడు అల్లింది. రెండు గుడ్లు. బట్టలు ఆరేయడం మేడ మీదికి మారింది. పొదగడమంతా తల్లిదే; తండ్రిగారు పిల్లలు బయటపడ్డాకే మేతకు సాయం వస్తారు. అంతదాకా ఆయన పని నా స్కూటరు అద్దంలో కనబడే శత్రువుతో యుద్ధం! అమ్మాయి నన్ను చూసి, "నాన్నా, నువ్వు కూడా నేను పుట్టాకే వచ్చావా?" అంది. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

పిల్లలు ఎగిరిపోయాక మగపిట్ట ఆ నీలిమెరుపు వదిలేసి, గొంతు కింద ఒక్క నల్లచారతో అచ్చం ఆడపిట్టలా తయారైంది. అది వేరే పిట్ట అని అమ్మాయి వాదన. హమ్మింగ్‌బర్డ్ జర్మనీ వెళ్ళిపోయిందట. ఇప్పుడు వచ్చింది మాత్రం తేనెపిట్టేనట.