అస్థిర కటివలయ భగ్నాలు – బాహ్య స్థిరీకరణ చరిత్ర: తెనాలి, బాపట్ల, రేపల్లె నేపథ్యం

వ్యాససంగ్రహం: కటివలయం విరిగి అస్థిరమైనప్పుడు తొలి ప్రాణాపాయం రక్తస్రావం వల్ల కలుగుతుంది. శరీరం వెలుపలి చట్రంతో ఆ వలయాన్ని బిగించే శస్త్రపద్ధతి రూపొందిన క్రమాన్ని, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో దాని ప్రాసంగికతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కటివలయం, భగ్నచికిత్స, బాహ్య స్థిరీకరణ, కపాటశయనం, అత్యవసర వైద్యం.

1. ఉపోద్ఘాతం

రెండు తుంటి ఎముకలు, వెనుకనున్న త్రికాస్థి కలిసి కటివలయం ఏర్పడుతుంది. వలయం కదలకుండా నిలిచిన భగ్నాలకు సాధారణంగా విశ్రాంతి చాలు. ముందూ వెనుకా తెగి విడిపోయినప్పుడు లోపలి సిరల నుండి, విరిగిన ఎముక అంచుల నుండి రక్తం కారుతుంది. వలయం తెరుచుకొన్నకొద్దీ ఆ రక్తం నిండే చోటు పెరుగుతుంది. పైకి గాయం కనిపించకుండానే క్షతగాత్రుడు షాక్‌కు గురికావచ్చు. వాహన ప్రమాదాలు, ట్రాక్టరు బోల్తాలు, తాటిచెట్టు వంటి ఎత్తుల నుండి పడడం ఇందుకు కారణమయ్యే ఘటనలు. డెల్టాకూ సముద్రతీరానికీ చెందిన గ్రామాలకు ఇవి కొత్తవి కావు.

2. ప్రాచీన, దేశీయ పద్ధతులు

సుశ్రుతసంహిత భగ్నచికిత్సలో కపాటశయనాన్ని విధించింది. రోగిని పలకపై పడుకోబెట్టి, ఐదు మేకుల ఆధారంతో కట్టి కదలకుండా ఉంచడం ఈ పద్ధతి. కాలి ఎముకలకు చెప్పిన ఈ విధానాన్ని శ్రోణికీ వెన్నుకూ కూడా అన్వయించింది. తెలుగునాట ప్రసిద్ధమైన పుత్తూరు కట్టు ప్రధానంగా కాళ్లూ చేతుల ఎముకలకు ఉద్దేశించింది. కండరాల లోతున ఉన్న కటివలయం బద్దలకు అందదు. ఆధునిక వైద్యంలో సైతం చాలాకాలం గుడ్డ ఊయల, బరువులు కట్టి లాగే పద్ధతి తప్ప వేరు మార్గం లేదు. వారాల తరబడి మంచంలో ఉండడం వల్ల ఒత్తిడి పుండ్లు, రక్తం గడ్డకట్టడం, కాలు పొట్టిగా అతకడం వంటి సమస్యలు తలెత్తేవి.

3. చట్రం పరిణామం

కటివలయపు రెండుచోట్ల నిలువు భగ్నానికి ఫ్రెంచి శస్త్రవైద్యుడు మాల్గేన్ పేరు నిలిచింది. బయటినుండి ఎముకను పట్టే లోహపు కొక్కేన్ని 19వ శతాబ్ది మధ్యభాగంలో మోకాటిచిప్పకు వాడినదీ ఆయనే. 1897లో అమెరికాలో పార్క్‌హిల్, 1902లో బెల్జియంలో లాంబొట్ బాహ్య చట్రాలను అభివృద్ధి చేశారు. 1938లో జెనీవాకు చెందిన హాఫ్‌మన్ వాటిని మరింత మెరుగుపరిచాడు. కటివలయానికి వీటి అన్వయం 1970లలో ఊపందుకొంది. 1975లో ఫిన్లండ్ వైద్యులు స్లాటిస్, కరహార్యు ట్రెపీజియం ఆకారపు చట్రాన్ని ప్రచురించారు. 1980లలో టొరంటోకు చెందిన టైల్ స్థిరత్వం ఆధారంగా ఎ, బి, సి వర్గీకరణను ప్రతిపాదించాడు. 1991లో గాంజ్ బృందం అత్యవసర సి-క్లాంపును పరిచయం చేసింది.

టైల్ వర్గీకరణ చట్రపు పరిమితిని కూడా స్పష్టపరిచింది. పుస్తకంలా తెరుచుకొన్న వలయాన్ని ముందరి చట్రం మూయగలదు. నిలువునా జారిన సి-రకాన్ని ఒంటరిగా నిలపలేదు. దానికి వెనుకభాగంలో స్క్రూలు లేదా ప్లేట్లు అవసరం. పిన్నుల చుట్టూ చీము పట్టడం మరొక లోపం.

4. స్థానిక నేపథ్యం: దూరం, కాలం

1946లో వైద్య కళాశాల ఏర్పడిన గుంటూరు ఈ మూడు పట్టణాలకూ ఉన్నత వైద్యకేంద్రం. తెనాలి దానికి చేరువ. బాపట్ల నుండి సుమారు 50, రేపల్లె నుండి సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణం. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ప్రయాణపు స్వరూపాన్ని, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స ఖర్చు భారాన్ని మార్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచింది. జిల్లా గీత మారినంత మాత్రాన శస్త్రచికిత్సకు పట్టే దూరం తగ్గదు.

ఆ దూరంలో రక్తాన్ని నిలపడమే అసలు సమస్య. తొడ ఎముకల పైగుబ్బల మట్టాన దుప్పటినైనా చుట్టి బిగిస్తే, చట్రం చేసే పనిలో కొంత మార్గమధ్యంలోనే జరుగుతుంది. నడుముకు పైగా కట్టిన కట్టు ఆ పని చేయదు. తుంటిని పదేపదే కదిపి పరీక్షించడం కట్టుకొన్న గడ్డను చెదరగొట్టవచ్చు.

5. ముగింపు

కపాటశయనం నుండి సి-క్లాంపు దాకా సాగిన పరిణామంలో కదలికను ఆపడమనే సూత్రం మారలేదు; దాన్ని పాటించవలసిన గడియ మాత్రం ముందుకు జరుగుతూ వచ్చింది. కనుక ఈ ప్రాంతంలో బాహ్య స్థిరీకరణ చరిత్రను గుంటూరు శస్త్రశాలకే పరిమితం చేయరాదు. రేపల్లె గట్టుమీద కట్టే తొలి కట్టును కూడా అందులో భాగంగా పరిగణించవలసి ఉంది.