మానసిక వార్డులో ఒంటి లక్షణాలు: నర్సింగ్ పరిశీలన పట్టుకోవలసినవి

యాంటీసైకోటిక్ మందైన హాలోపెరిడాల్ సూది పడిన మర్నాడు ఒక్కోసారి రోగి మెడ ఓ పక్కకు మెలితిరిగిపోతుంది. కనుగుడ్లు పైకి నిలిచిపోతాయి, నాలుక మొద్దుబారి మాట ముద్దగా వస్తుంది. పక్కనున్న తల్లికి అది గాలి సోకినట్టే కనిపిస్తుంది. అనుభవం లేని సిబ్బందికి నటనలా అనిపించవచ్చు. నిజానికి అది మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం, అంటే అక్యూట్ డిస్టోనియా. చికిత్స మొదలైన తొలి నాలుగైదు రోజుల్లో, ముఖ్యంగా యువకుల్లో ఇది ఎక్కువ. ప్రోమెథజైన్ వంటి సూదితో సాధారణంగా కాసేపట్లోనే సడలిపోతుంది. గొంతు కండరాలు పట్టేస్తే మాత్రం ఊపిరికే ముప్పు.

మానసిక రోగి అని పేరు పడ్డాక ఒంట్లో వచ్చే ప్రతి మార్పునూ ఆ పేరు కిందే జమకట్టేయడం వైద్యంలో పాత పొరపాటు. తీవ్ర మానసిక రుగ్మతలున్నవారు మిగతావారి కన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో ఎక్కువ మరణాలకు కారణం నివారించదగిన శారీరక జబ్బులే. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు మంచం దగ్గర నిలబడేది కొన్ని నిమిషాలు. రాత్రీ పగలూ రోగి తిండి, నిద్ర, నడక చూసేది నర్సులు. అందుకే నర్సింగ్ అంచనాలో మనఃస్థితి పరీక్షకున్నంత చోటు ఒంటి పరీక్షకూ ఉండాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

అలజడి ఎక్కడిది?

యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టాక, లేదా మోతాదు పెంచాక కొందరు ఒకచోట కూర్చోలేరు. కాళ్లు మార్చి మార్చి వేస్తారు, వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. కేస్ షీట్‌లో ‘అలజడిగా ఉన్నాడు’ అని మాత్రమే రాస్తే జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచే ప్రమాదం ఉంది. ఆ తిరుగుడు అకతీసియా, అంటే మందు వల్ల ఒళ్లు ఒకచోట నిలవనివ్వని స్థితి అయితే పెంచిన మందే బాధను పెంచుతుంది. భరించలేని ఆ బాధకు ఆత్మహత్య ఆలోచనలతోనూ సంబంధం ఉంది. ఇక్కడ నర్సు అడిగే ప్రశ్న కీలకం: ‘భయమేసి తిరుగుతున్నావా బాబూ, కాళ్లు ఊరుకోనివ్వకనా?’ జవాబును రోగి మాటల్లోనే రాసి, మందు ఎప్పుడు మొదలైందో పక్కన వేస్తే డాక్టరుకు దారి దొరుకుతుంది.

జ్వరం, కర్రలా బిగిసిన ఒళ్లు, ధారగా చెమట, ఎగుడుదిగుడు బీపీ, మగత కలిసి కనిపిస్తే అది ఇవే మందులతో వచ్చే ప్రాణాంతక స్థితి, న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు తర్వాతి మోతాదు ఇవ్వకుండా వెంటనే డాక్టరును పిలవాలి.

తాగుడు మానిన మూడో రోజు

గోడ మీద పురుగులు పాకుతున్నాయంటూ చేతులతో దులుపుకునే రోగిని నేరుగా మానసిక వార్డుకు పంపేయడం తేలిక. కానీ లేనివి కళ్లకు కనిపించడం, మతి కాసేపు తేటగా కాసేపు మసకగా ఉండటం, చీకటి పడ్డాక ఎక్కువవడం డెలీరియం గుర్తులు. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజులకు ఈ స్థితి రావచ్చు; వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. చివరిసారి ఎప్పుడు తాగాడన్నది ఇంటివాళ్లను అడిగి రాసుకోవడం అందుకే ముఖ్యం. ఇలాంటివారికి గ్లూకోజ్ సలైన్ పెట్టేముందు థయామిన్ అందిందో లేదో చూసుకోవాలి. ఆ విటమిన్ కొరతలో మెదడుకు శాశ్వత నష్టం జరగవచ్చు.

మతి తేటదనాన్ని పరీక్షించే ప్రశ్నలు రోగి బతుకులోంచే రావాలి. బడి మొహం చూడని రైతును 100 లోంచి ఏడు చొప్పున తీసేయమంటే తెలిసేది చదువు లేదన్న సంగతే. వారాల పేర్లు వెనక్కి చెప్పమనడం, ఇప్పుడు పొలంలో ఏ పంట ఉందని అడగడం నయం. ఉదయం సరిగ్గా చెప్పి సాయంత్రం తడబడితే ఆ తేడాను వేళతో సహా నమోదు చేయాలి.

వేసవిలో లిథియం

బైపోలార్ రుగ్మతకు 1949లో జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం నేటికీ ముఖ్యమైన మందే. అయితే మేలు చేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య ఎడం తక్కువ. నిర్వహణ చికిత్సలో సాధారణంగా రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండాలి, 1.5 దాటితే విషలక్షణాలు కనిపించవచ్చు. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపకుండా నిలిపేస్తాయి. రాయలసీమ, తెలంగాణ ఎండల్లో కూలికి వెళ్లే రోగికి విరేచనాలు పట్టినా, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ మింగినా, బీపీ ఉందని ఒక్కసారిగా ఉప్పు మానేసినా ముప్పు మొదలవుతుంది. పెద్ద వణుకు, వాంతులు, తూలే నడక, ముద్దమాట కనిపిస్తే మందు ఆపి ఆస్పత్రికి రావాలి. పరీక్షకు రక్తం తీయాల్సింది చివరి మోతాదు తర్వాత 12 గంటలకు.

లిథియంలాగే కనిపెట్టి ఉండాల్సిన మరో మందు, యాంటీసైకోటిక్ అయిన క్లోజపైన్. అది వాడేవారిలో జ్వరంతో గొంతు నొప్పి తెల్లరక్తకణాలు పడిపోయినట్టు సూచించవచ్చు. మలబద్ధకం కూడా చిన్న విషయం కాదు. పేగు కదలిక ఆగి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.

కట్టివేతకు ముందు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఓ ప్రైవేటు మానసిక ఆశ్రయంలో మంటలు లేచి 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచడం వల్ల చాలామంది పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను, ఏకాంత నిర్బంధాన్ని నిషేధించింది. తక్షణ హాని తప్పించడానికి మరో మార్గం లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంత సేపే కట్టవచ్చు. ఆ దశకు ముందు మూత్రం బిగిసిందా, నొప్పి ఉందా, చక్కెర పడిపోయిందా, మందు వికటించిందా అని చూడటం నర్సు బాధ్యత. కట్టినా రక్తప్రసరణ, ఊపిరి, దాహం, మూత్రం చూస్తూ వేళలతో రాయాలి.

ఈ పరిశీలనలను ఆచరణలో పెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. షిఫ్టు అప్పగింత రిజిస్టర్‌లో ప్రవర్తనతో పాటు జ్వరం, నాడి, బీపీ, నిద్రపోయిన గంటలు, తిండి, విరేచనం, నడక, వణుకు వరుసలు చేర్చాలి. నెలకోసారి బరువు, నడుము చుట్టుకొలత తీయాలి. డిశ్చార్జి రోజు ఇంటివాళ్లకు తెలుగులో ఓ కాగితం ఇవ్వాలి: ఏ లక్షణం కనిపిస్తే ఏ మాత్ర ఆపాలి, ఏ వేళకు ఎవరికి ఫోన్ చేయాలి, దగ్గరలో డాక్టరు లేకపోతే సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416.