మెడికల్‌లో పాసైన ఒళ్లు

మా చిన్నమ్మ ట్రంకుపెట్టెలో అడుగున ఒక పాలిథిన్ కవరు ఉంటుంది. అందులో రెండు పాత పాస్‌పోర్టులు, ఆకామా కార్డు జిరాక్సు, 1996లో చెన్నైలో తీసుకున్న మెడికల్ సర్టిఫికెట్. క్షయ లేదు, హెచ్ఐవి లేదు, కామెర్లు లేవు, గర్భం లేదు. చివర 'ఫిట్' అని ఊదారంగు ముద్ర. పదమూడేళ్ల తర్వాత, 2009లో, ముప్పై ఏడేళ్ల వయసులో కువైట్ నుంచి తిరిగొచ్చినప్పుడు ఆమెకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకి గుండెదడతో లేచి కూర్చునేది. ఆ సంగతి చెప్పే కాగితం కవరులో లేదు. వెళ్లేటప్పుడు ఒంటిని అంత శ్రద్ధగా పరీక్షించినవాళ్లు వచ్చేటప్పుడు దాని వైపు చూడలేదు.

ఆ కవరుని నేను చాలా ఆలస్యంగా చూశాను. నా పరిశోధన వలస సాహిత్యం మీదే. అయిదేళ్లు దానిమీద పనిచేసి డాక్టరేట్ తీసుకున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో వలస వెళ్లే మనిషి ఎక్కువగా మగవాడు, స్త్రీ గడపలో ఎదురుచూసేది. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా నా ఫీజులు కట్టింది చిన్నమ్మ పంపిన దినార్లే అయినా నాకు తట్టలేదు.

మాది ఇందుకూరుపేట మండలంలో మైపాడు వైపు, సముద్రపు హోరు వినిపించే ఊరు. తొంభైల మొదట్లో మా వైపు వరిమళ్లు రొయ్యల గుంటలయ్యాయి. నాట్లు, కలుపు ఆడవాళ్ల పనులు. గుంటకి కావలసింది రాత్రికాపలాకి ఇద్దరు మగవాళ్లు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ తగిలి రొయ్య చచ్చింది, అప్పటికే చుట్టుపక్కల నేల ఉప్పుబారింది. 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల చెరువులు తొలగించాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి చిన్నమ్మ కువైట్‌లో ఎవరింట్లోనో గిన్నెలు తోముతోంది. ఏడాది నిండని కూతురు మా అమ్మ ఒళ్లో ఉంది.

నెల్లూరు స్త్రీలు అనగానే మనకు 1992 సారా ఉద్యమం గుర్తుకొస్తుంది. దూబగుంట గురించి మనం ఎన్ని వ్యాసాలు రాసుకున్నామో! రాయవలసిందే. కానీ ఆ తర్వాతి సంవత్సరాల్లో అదే జిల్లా నుంచి ఒక్కొక్కరుగా చెన్నై రైలెక్కిన ఆడవాళ్ల గురించి చరిత్ర అనే మాట వాడి మనం రాసింది తక్కువ. గుంపుగా కదిలితే ఉద్యమం, ఒంటరిగా కదిలితే కుటుంబ విషయం అనుకున్నామేమో.

ఒంటి పరీక్షకి మద్రాసు వెళ్లడం మా తీరానికి కొత్తేమీ కాదు. 1834 నుంచి మారిషస్‌కి, 1860 నుంచి నేటాల్‌కి కట్టుకూలీలను ఓడల్లో పంపారు. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ కాలపు ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు వరసగా ఉంటాయి. జిల్లా గడిలో 'నెల్లూరు' అని కనిపించినచోటల్లా నేను ఆగిపోయేదాన్ని. డిపోలో డాక్టరు చూసి పనికొస్తారన్నవాళ్లే ఓడ ఎక్కాలి. ప్రతి వందమంది మగవాళ్లకీ నలభైమంది ఆడవాళ్లుండాలన్న నిబంధన వచ్చాక, ఆ సంఖ్య నింపడానికి ఏజెంట్లు వితంతువుల కోసం, మొగుళ్లు వదిలేసినవాళ్ల కోసం, కరువులో దిక్కులేనివాళ్ల కోసం వెతికారు. 1876-78 కరువు మన నెల్లూరుని కూడా వదల్లేదు.

ఈ వ్యవహారమంతా చూడటానికి ఒక అధికారి ఉండేవాడు. పేరు 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్'. వలసదారుల సంరక్షకుడన్నమాట. 1922 చట్టంలోనూ ఆ పేరే ఉంది, స్వతంత్ర భారతంలో చేసిన 1983 చట్టంలోనూ అదే. ఆ పాత వార్షిక నివేదికల్లో ఎంతమంది ఎక్కారు, దారిలో ఎంతమంది చచ్చిపోయారు, తిరిగొచ్చినవాళ్లు ఎంత సొమ్ము తెచ్చారు అన్నీ లెక్కకట్టి ఉంటాయి. ఇప్పుడు మనం విదేశాల నుంచి వచ్చే డబ్బు లెక్కలు పేపర్లో చూసుకుంటాం. తెచ్చిన సొమ్ము లెక్కకి అందినట్టు తెచ్చిన జబ్బు లెక్కకి అందదు.

ఈ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నవాళ్లు అమెరికాలో కనిపిస్తారు. 1986లో మార్కిడెస్, కోరీల్ అనే పరిశోధకులు నైరుతి రాష్ట్రాల్లోని హిస్పానిక్ ప్రజల ఆరోగ్య వివరాలు చూసి ఆశ్చర్యపోయారు. పేదరికం, తక్కువ చదువు, ఒళ్లు హూనమయ్యే పనులు, అయినా మరణాల రేటు తెల్లవాళ్లతో సమానంగానో తక్కువగానో ఉంది. దీని మీద చాలా చర్చ జరిగింది. గట్టివాళ్లే దేశం దాటగలరన్నారు కొందరు. జబ్బుపడ్డవాళ్లు సొంత ఊరికి వెళ్లిపోతారు కాబట్టి వాళ్ల చావులు అమెరికా లెక్కలోకి రావన్నారు ఇంకొందరు. ఈ రెండో వాదానికి సాల్మన్ చేప పేరు పెట్టారు, అది చివరికి పుట్టిన ఏటికే ఎదురీది చేరుతుంది కనక. (మనమైతే పులస పేరు పెట్టేవాళ్లం, కాకపోతే అది గోదావరిది, మా పెన్నది కాదు.) ఇంకొకటి కూడా బయటపడింది. ఆ దేశంలో ఏళ్లు గడిచేకొద్దీ మొదట్లో ఉన్న ఆ ఆరోగ్యం తరిగిపోతుంది.

ఎందుకు తరుగుతుంది? ప్రమాదం ఎదురైతే శరీరం కార్టిసాల్ వంటి హార్మోన్లు వదులుతుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వస్తుంది. పరుగెత్తడానికో పోరాడటానికో అది అవసరం. పని అయిపోగానే అన్నీ కిందికి దిగాలి. ప్రమాదం అయిపోకుండా రోజూ, ఏళ్ల తరబడి ఉంటే దిగవు. అప్పుడు రక్షించాల్సిన ఏర్పాటే రక్తనాళాలనీ, గుండెనీ అరగదీస్తుంది. మెకీవన్, స్టెలార్ 1993లో ఈ అరుగుదలకి 'అలోస్టాటిక్ లోడ్' అని పేరు పెట్టారు. అంతకు ఏడాది ముందు ఆర్లీన్ జెరోనిమస్ నల్లజాతి స్త్రీల గురించి రాస్తూ 'వెదరింగ్' అన్న మాట వాడింది. ఎండకీ వానకీ నిలబెట్టిన మాను చివికిపోయినట్టు, వివక్షలో బతికే ఒళ్లు వయసుకి ముందే ముదురుతుందని ఆమె వాదన.

ఇవి చదివి చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఆడ నీ రోజు ఎట్టా గడిచేదో చెప్పమన్నాను. ఆమె ముందుగా చెప్పింది పని గురించి కాదు, గంట గురించి. వంటింటి పక్కన సామాన్ల గదిలో పడక. గోడకి గంట. అది రాత్రి ఎప్పుడు మోగుతుందో తెలియదు. "నిద్దర్లో కూడా చెవి మేలుకొనే ఉండేదమ్మే. గంట మోగకపోయినా మోగినట్టే ఉండేది" అంది. రంజాన్ నెలలో తెల్లవారుజాము దాకా వంట. పేరు పెట్టి పిలిచింది తక్కువ, ఖద్దామా అనేవాళ్లు. పాస్‌పోర్టు సేటు బీరువాలో. ఆ ఇంట్లో కొట్టారా అని అడిగాను. "కొట్టలేదు. కొడతారేమోననే ఉండేది" అంది.

ఆ 'ఏమోననే' అన్న మాట దగ్గర నా పరిశోధన పుస్తకాలన్నీ ఆగిపోయాయి. మన దగ్గర గల్ఫ్ కథ అనగానే వాతలు, దూకిన మేడలు, శవపేటికలు. పేపర్లకి అవే కావాలి, నిజమే, అవి జరుగుతున్నాయి కూడా. ఏ వాతా లేకుండా పదమూడేళ్లు గంట కోసం చెవి రిక్కించి బతికి వచ్చినవాళ్లు మాత్రం 'బాగానే ఉండి వచ్చింది' జాబితాలోకి పోతారు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి పన్నెండు గంటలు మించకూడదు, వారానికొక సెలవు. మరుసటి ఏడు కనీస జీతం అరవై దినార్లు అన్నారు. చిన్నమ్మ తిరిగొచ్చిన ఆరేళ్లకి. ఆ చట్టంతో అక్కడ గంటలు మోగడం మానేశాయని ఆమె నమ్మదు.

ఫోను ఖరీదయిన కాలంలో ఆమె మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు పంపేది. ఊరికి ఎవరైనా వస్తుంటే సబ్బులు, నిడో డబ్బాలతో పాటు ఒక క్యాసెట్టు. ఇంటిల్లిపాదీ కూర్చుని వినేవాళ్లం. ప్రతిదాంట్లో మొదటి మాట "నేను బాగుండా". వెనక ఎప్పుడూ నీళ్ల చప్పుడు. పని చేస్తూనే మాట్లాడేదని ఇప్పుడు తెలుస్తోంది.

వచ్చాక ఊళ్లో ఆమెని చూసిన ఆర్ఎంపీ నరాల బలహీనత అన్నాడు. పెద్ద డాక్టరు గ్యాస్ అని మాత్రలు రాశాడు. బీపీ చూడమని అడిగింది మా అమ్మ. లాటిన్ అమెరికా స్త్రీలు కూడా ఇలాంటి బాధని 'నెర్వియోస్' అనే చెప్పుకుంటారట, నరాలని. ఇంత దూరదేశాల ఆడవాళ్లు ఒకే అవయవం మీద చెయ్యి పెట్టి చూపించడం నాకు యాదృచ్ఛికంగా అనిపించలేదు. మనోవ్యాధికి మందు లేదు అని మనకో సామెత ఉంది. మా నాయనమ్మ చిన్నమ్మని చూసి అదే అంది. ఆ మాటతో ఇంట్లో అందరం ఊరుకున్నాం, నేను కూడా. షుగరు పరీక్షకి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఏడాది బిడ్డగా మా ఇంట్లో ఉండిపోయిన చెల్లెలికి మొన్న ముప్పై నిండాయి. పదో తరగతి తప్పిన ఆడది ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే ముప్పై నిండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. అందుకే ఇన్నాళ్లూ ఆగింది. భర్త చేసిన అప్పు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. వద్దని చెప్పే అర్హత నాకుందో లేదో తెలియక రెండు రాత్రులు నేను మాట్లాడలేదు. చిన్నమ్మ కూడా వద్దనలేదు. వచ్చే సోమవారం చెన్నైలో మెడికల్.

నిన్న రాత్రి అరుగు మీద కూర్చుని చెల్లెలు నన్ను అడిగింది. "అక్కా, నువ్వు ఇయ్యన్నీ చదివినావు గదా. మెడికల్లో బీపీ ఎక్కువ రాకుండా ముందు రోజు ఏం తినకూడదు?"

నేను చెప్పేలోపు లోపలి నుంచి చిన్నమ్మ అంది. "తిండి కాదుమే. ఆ ముందు రాత్రి బాగా నిద్రపో. ఆడికి పోయినాక దొరకదు."