పిస్తోలు రెడ్ డాట్ సైట్

రెడ్ డాట్ సైట్ ఆయుధంపై బిగించే గురి పరికరం. దాని చిన్న గాజు పలకలో ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కను లక్ష్యంపై నిలిపితే గురి కుదిరినట్టే. లేజర్ పరికరంలా ఇది లక్ష్యం మీదికి కాంతిని పంపదు. చుక్క కనిపించేది గురి చూసేవారికి మాత్రమే. దీని మూలసూత్రానికి 125 ఏళ్ల చరిత్ర ఉన్నా, జేబులో పట్టేంత పిస్తోలుపై ఇది నిలదొక్కుకున్నది 21వ శతాబ్దంలోనే.

ఆరంభం

ఈ సూత్రాన్ని 1900లో డబ్లిన్‌కు చెందిన హోవార్డ్ గ్రబ్ రూపొందించాడు. గ్రబ్ కుటుంబ సంస్థ దూరదర్శినుల తయారీలో పేరుపొందింది. సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో ఉన్న నిజామియా వేధశాలలోని 15 అంగుళాల వక్రీభవన దూరదర్శిని ఆ సంస్థదే. హైదరాబాద్ సంస్థానంలో ఈ వేధశాలకు 1901లో నవాబు జఫర్ జంగ్ అంకురార్పణ చేశాడు. నక్షత్రాలను చూసే విద్య నుంచే గురి చూసే కొత్త విద్య కూడా పుట్టిందన్నమాట.

అంతకుముందు గురి చూడాలంటే వెనక సైటు, ముందు సైటు, లక్ష్యం మూడింటినీ ఒకే వరుసలోకి తేవాలి. కన్ను ఒకేసారి మూడు దూరాలపై స్పష్టంగా నిలవలేదు. గ్రబ్ ఈ చిక్కును విప్పాడు. గురిగుర్తును కటకం నాభి వద్ద ఉంచితే, అక్కడి నుంచి వచ్చే కిరణాలు సమాంతరంగా మారి కంటికి చేరతాయి. అందువల్ల గుర్తు ఎంతో దూరంలో, లక్ష్యం ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను కొంచెం పక్కకు జరిగినా గురి పెద్దగా చెదరదు.

విమానం నుంచి తుపాకీకి

ఈ ఆలోచన మొదట అక్కరకొచ్చింది యుద్ధ విమానాల్లో. 1918లో జర్మన్ యుద్ధ విమానాలపై ఓయిగీ సంస్థ తయారుచేసిన ప్రతిబింబ సైట్లను పరీక్షించారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటిష్, జర్మన్ ఫైటర్ విమానాల్లో ఇవి మామూలైపోయాయి. విమానంలో బల్బుకు కరెంటు, పరికరానికి చోటు దొరుకుతాయి. చేతి ఆయుధంలో ఆ రెండూ కరువే.

ఆ కొరత తీర్చింది ఎల్ఈడీ. 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఎల్ఈడీ నుంచి వచ్చే ఎర్రకాంతిని ప్రత్యేక పూత పూసిన వంపు గాజు వెనక్కి మళ్లిస్తుంది, మిగతా రంగులను తనగుండా పోనిస్తుంది. ఇప్పటి సైట్లలో జరిగేదీ ఇదే.

పిస్తోలు మీదికి

పోటీ షూటర్లు 1980ల చివర, 1990ల ఆరంభంలో పిస్తోళ్లపై గొట్టం లాంటి రెడ్ డాట్ సైట్లు వాడారు. అవి పెద్దవి, బరువైనవి. అందుకే కదలని ఫ్రేమ్‌కు ప్రత్యేక దిమ్మె కట్టి, దానిపై బిగించేవారు. స్లయిడ్ మీదే, అంటే కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం మీదే, కూర్చునే చిన్న సైట్లు ఆ తర్వాత వచ్చాయి. వాటిలో ట్రిజికాన్ సంస్థ ఆర్ఎంఆర్ సైటు 2009లో విడుదలైంది. 2015లో గ్లాక్ సంస్థ ఎంఓఎస్ పేరుతో సైటు బిగించే వీలున్న స్లయిడ్‌లను తెచ్చింది. అమెరికా సైన్యం 2017లో ఎంచుకున్న సిగ్ సంస్థ పిస్తోళ్లలో పూర్తి సైజు ఎం17, చిన్నదైన ఎం18 రెండింటికీ ఈ వీలు ఉంది. చిన్న, సన్నని పిస్తోళ్ల కోసం బ్రిటన్‌కు చెందిన షీల్డ్ సంస్థ ఆర్ఎంఎస్‌సీ అనే ఇరుకైన సైటును తయారుచేసింది.

ఎంపిక

చిన్న పిస్తోలుకు సైటు ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది వెడల్పు. సైటు స్లయిడ్ అంచులు దాటి బయటికి పొడుచుకు రాకూడదు. తర్వాతది అడుగుభాగం కొలత. మరల రంధ్రాల అమరిక కంపెనీని బట్టి మారుతుంది. ఆర్ఎంఆర్ కోసం చెక్కిన స్లయిడ్‌పై ఆర్ఎంఎస్‌సీ తరహా సైటు నేరుగా కూర్చోదు.

చుక్క పరిమాణాన్ని కోణ నిమిషాల్లో చెబుతారు. ఒక కోణ నిమిషం 25 మీటర్ల దూరంలో సుమారు 7 మిల్లీమీటర్లు. 3 నిమిషాల చుక్క ఆ దూరంలో సుమారు 2.2 సెంటీమీటర్లు, 6 నిమిషాల చుక్క 4.4 సెంటీమీటర్లు కప్పుతుంది. చిన్న చుక్కతో సూక్ష్మంగా గురి చూడొచ్చు. పెద్దది త్వరగా కంటికి చిక్కుతుంది.

సైట్లు రెండు రకాలు. తెరిచి ఉన్న రకం తేలిక, పొట్టి. అయితే ఎల్ఈడీకీ గాజుకూ మధ్య దుమ్ము గానీ వాన చినుకు గానీ పడితే చుక్క చెదురుతుంది, మాయమవుతుంది. ముందూ వెనకా గాజుతో మూసిన రకానికి ఆ బెడద లేదు కానీ, అది కాస్త ఎత్తుగా, బరువుగా ఉంటుంది. చత్వారం వచ్చినవారికి ఏ రకమైనా సుఖమే, ఎందుకంటే దగ్గరి సైట్లపై చూపు నిలపాల్సిన పని తప్పుతుంది. అస్టిగ్మాటిజం ఉన్నవారికి మాత్రం చుక్క గుండ్రంగా కాక సాగినట్టో చెదిరినట్టో కనిపించవచ్చు.

బిగింపు

పిస్తోలు కాల్చిన ప్రతిసారీ స్లయిడ్ వేగంగా వెనక్కి వెళ్లి, ఆగి, ముందుకొస్తుంది. దానిపై కూర్చున్న సైటు కూడా ఆ రెండు కుదుపులనూ భరించాలి. గాజు, సర్క్యూటు తట్టుకున్నా మరలు వదులైతే గురి తప్పుతుంది.

బిగించే పద్ధతులు మూడు. వెనక సైటు గాడిలో పలక అమర్చడం సులభం, కానీ సైటు ఎత్తుగా నిలుస్తుంది. ఫ్యాక్టరీలోనే చెక్కిన స్లయిడ్‌పై మధ్య పలక వేసి బిగిస్తే రకరకాల సైట్లు వాడొచ్చు. ఒకే సైటు కొలతకు స్లయిడ్‌ను చెక్కి నేరుగా బిగించేది అన్నిటికన్నా గట్టిది, కిందికి కూర్చునేది. మూడింటిలోనూ తయారీదారు చెప్పిన పొడవు మరలనే వాడాలి, చెప్పిన టార్క్‌తోనే బిగించాలి. మర వదలకుండా జిగురు వేయడం, మర తలపై గీత గీసి అది జరిగిందేమో చూడటం ఆయుధ మెకానిక్‌ల వాడుక. సైటు పాడైతే ఆసరాగా ఎత్తైన లోహపు సైట్లు కూడా ఉంచుతారు. బిగించాక రేంజిలో కాల్చి గురి సరిచేయడం తప్పనిసరి.

తెలుగు నేలపై

మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ స్వాధీనం చేసుకుంది. ఇప్పుడు అక్కడ సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు తయారవుతాయి. సికింద్రాబాద్ తిరుమలగిరిలోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్ సైనిక పరికరాల నిర్వహణలో శిక్షణ ఇస్తుంది.

2021లో వెలుగులోకి వచ్చిన అస్మి మెషీన్ పిస్తోలును డీఆర్‌డీఓ, సైన్యం కలిసి రూపొందించాయి. తయారీ హైదరాబాద్‌లోని లోకేష్ మెషీన్స్‌ది. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 అస్మిలకు ఆర్డరిచ్చింది. దీని పైభాగమంతా సైట్లు బిగించే రైలు ఉంటుంది. ఆ రైలు స్లయిడ్‌లా కదలదు కాబట్టి సైటుపై కుదుపు భారం తక్కువ.

క్రీడ, చట్టం

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య పిస్తోలు పోటీల్లో లోహపు సైట్లనే అనుమతిస్తుంది, చుక్క సైట్లు నిషిద్ధం. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది లోహపు సైట్లతోనే. అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య (ఐపీఎస్‌సీ) పోటీల్లో మాత్రం చుక్క సైట్లకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. భారతదేశంలో పిస్తోలు కలిగి ఉండాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం సాధారణంగా ఒకరి వద్ద రెండు తుపాకులకు మించి ఉండకూడదు.